పీడీ దేవిదాస్ మిగిల్చిన టికెట్టు

ఆర్మూరులో దేవిదాస్‌ను ఎరగని మనుషులు ఉండొచ్చేమో గానీ, ఎరగని బండి మాత్రం లేదు. పెర్కిట్ చౌరస్తా దాటే పసుపు వ్యాన్లు, పాల ఆటోలు, ఇసుక ట్రాక్టర్లు, ఆఖరికి పెళ్లికూతుర్ని అత్తారింట్లో దింపి ఖాళీగా మళ్లే కార్లు కూడా ఆయన ఎత్తిన చెయ్యి చూడగానే వేగం పెంచేవి. పెంచి లాభం లేదు. ఆయన స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో చూసుకుని మరీ నిలబడేవాడు. బండి అక్కడ ఎలాగూ నెమ్మదించాలి. నెమ్మదించగానే "అన్నా, జర ముందట దింపు" అని ఒక కాలు లోపల పెట్టేవాడు. ముందట అంటే ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు. బండి ఎంత దూరం పోతే అంత దూరమూ ముందటే.

ఇది పేదరికం నేర్పిన గుణం అనుకుంటే పేదవాళ్లను అవమానించినట్టు. పేదవాళ్లు టికెట్టు కొంటారు. దేవిదాస్ తండ్రికి నీళ్లున్న పసుపు చేను ఉండేది, పెంకుటిల్లు ఉండేది, రెండు బర్రెలు ఉండేవి. అయినా ఆ తండ్రి నిజామాబాద్ బస్సు ఎక్కితే కొడుకును ఒళ్లో కూచోబెట్టుకుని, కండక్టర్ వయసు అడిగితే "ఐదు నిండలే" అనేవాడు. మరుసటి ఏడూ నిండలేదు. పిల్లవాడి కాళ్లు బస్సు నేలకు ఆనినా నిండలేదు. ఒకసారి ఒక కండక్టరు తండ్రిని వదిలేసి పిల్లవాడినే అడిగాడు.

"ఏం సదువుతున్నవ్ రా?"

"ఏడు" అన్నాడు దేవిదాస్, ఇంకా లోకం తెలియక.

తండ్రి రెప్ప కొట్టలేదు. "సూసినవా, ఐదేండ్లకే ఏడు సదువుతుండు. తెలివి గట్లుంది పోరనికి."

బస్సంతా నవ్వింది. కండక్టరూ నవ్వి పోయాడు. టికెట్టు మిగిలింది. సిగ్గు అనేది అప్పటికప్పుడు కాస్త చురుక్కుమంటుంది, టికెట్టు మాత్రం నిజంగా మిగులుతుంది అని ఆ రోజు దేవిదాస్ నేర్చుకున్నాడు. బడిలో నేర్చుకున్నది ఏదీ అంత గట్టిగా నిలవలేదు.

కబడ్డీ ఆడేవాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఊపిరి బిగబట్టి కూత పెడితే అవతలి కోర్టులో అందరికీ ఓపిక నశించేది గానీ ఆయన కూత తెగేది కాదు. అయితే ఎవరినీ తాకేవాడు కాదు. తాకితే పట్టుకుంటారు, పట్టుకుంటే అవుటవుతాం అని ఆయన భయం. గీత దాటి, అటొక అడుగు ఇటొక అడుగు వేసి, పెళ్లి చూపులకు పోయి కాఫీ తాగి వచ్చినట్టు వెనక్కి వచ్చేవాడు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా అవుట్ కాలేదు. ఒక్క పాయింటూ తేలేదు. ఈ మొదటి సగం మాటే చెప్పుకుని ఆయన పీడీ ఉద్యోగం సంపాదించాడు. పీడీ అంటే కాలేజీలో పిల్లల చేత ఆటలు ఆడించే సారు.

ఆ కాలేజీ రాజేశ్వర్ సేటుది. సేటుకు పసుపు అడ్తి దుకాణం ఉంది. రైతుల పసుపును మార్కెట్లో అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. పసుపులో మిగిలిన డబ్బుతో కాలేజీ పెట్టాడు, కాలేజీలో మిగిలిన డబ్బుతో మళ్లీ పసుపు కొన్నాడు. చదువు ఆ రెంటి మధ్యన ఎక్కడో ఉండేది. దేవిదాస్ అక్కడ ఏడాదికోసారి కొత్తగా చేరేవాడు. జూన్ రాగానే దుకాణం ముందు చెప్పులు విప్పి నిలబడాలి. సేటు "సరే, ఈ యేడు కూడ ఉండు" అనాలి. తల నెరిసినా ఆ నిలబడడం మాత్రం తప్పలేదు. పర్మినెంట్ అనే మాట చెవిన పడాలని ఆయన కోరిక. ఆ ఒక్క కోరికకు టికెట్టు లేదు కాబట్టి దాన్ని ఇన్నేళ్లూ మోసుకు తిరిగాడు.

ఆ ఏడు సేటు దుకాణంలో కూచుని పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తూ అడిగాడు.

"దేవిదాసూ, పోయినేడు మీ ఆటలకు బండ్ల కిరాయి ఎంతైందో ఎర్కేనా?"

"ఎర్కే సేటూ."

"ఎర్కుంటె మల్ల నిద్రెట్ల పడ్తుంది నీకు? నాకైతే పడ్తలేదు."

దేవిదాస్ తల దించుకున్నాడు.

"ఒకని కాలు ఒకడు గుంజుడు, కింద పడుడు. గంతే గద ఆట. గంత దానికి కమ్మర్‌పల్లి దాక ఎందుకు? ఈడ్నే పడుమను."

"ఎదుటోళ్లు ఉండాలె గద సేటూ."

"ఎదుటోళ్లను ఈడికి రమ్మను."

"వాళ్ల సేట్లు గూడ గదే అంటున్నరు."

సేటు కొమ్మును పక్కన పడేశాడు. "సూడు, రెండు మాటలు. తొవ్వ ఖర్సు తగ్గాలె. పిల్లలు గెలిచి నిజామాబాద్ పెద్ద ఆటలకు పోవాలె, కాలేజీ పేరు పేపర్ల పడాలె. రెండూ జేసినవంటే జూన్‌ల నిన్ను పర్మినెంట్ జేస్త. లేకుంటె ఆటలు బంద్. ఆటలు బంద్ అంటె నువ్వు గూడ బందే."

ఇంటికి వచ్చి భార్య పూర్ణిమకు ఈ మాట చెప్పాడు. పూర్ణిమ కమ్మర్‌పల్లి పిల్ల. ఆమె పెళ్లికి మగపెళ్లివారు వేరే వాళ్ల పెళ్లి బస్సులో సగం సీట్లు అడుక్కుని వచ్చారు. ఏ పెళ్లికొడుకు ఎవరివాడో తెలియక ఆమె మేనత్త పక్కింటి పెళ్లికొడుక్కి కాళ్లు కడగబోయింది. అప్పటి నుంచి పూర్ణిమకు మొగుడి మీద కోపం లేదు, ఆశా లేదు.

"పర్మినెంట్ అయితె ఏమైతది?" అంది రొట్టె కాలుస్తూ.

"ఎవ్వడు తీసేయలేడు."

"నన్ను గట్లనే పర్మినెంట్ జేసుకున్నవ్. బస్సులకెల్లి తీసి బస్సుల ఏస్తున్నవ్ గని ఒక్కనాడు కూసోబెట్టినవా?"

దేవిదాస్ అప్పటికే లెక్కలో పడ్డాడు.

ఆర్మూరు, కమ్మర్‌పల్లి, ఇందల్వాయి, డిచ్‌పల్లి, నాలుగు చోట్లా ఇలాంటి చిన్న కాలేజీలున్నాయి. నలుగురు పీడీలు ఏటా కూచుని ఎవరు ఎవరి ఊరికి ఏ రోజు పోవాలో రాసుకుంటారు. రాసుకోవడం అంటే చాయ్ తాగుతూ నోటికొచ్చిన తేదీ చెప్పడం. ఈ వారం ఇందల్వాయి పోయిన పిల్లలు, పై వారం మళ్లీ అదే రోడ్డున డిచ్‌పల్లి పోయేవాళ్లు. డిచ్‌పల్లి దాటకుండా ఇందల్వాయి రాదని నలుగురికీ తెలుసు. తెలిసినా, బండి కిరాయి వాళ్ల జేబులోది కాదు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

దేవిదాస్‌కు పట్టింది. ఆయన ఆ ఏడు మీటింగులో కూచుని మొత్తం కార్యక్రమం తిరగరాశాడు. పొద్దున ఇందల్వాయిలో ఒక ఆట, మధ్యాహ్నం వచ్చే తోవలో డిచ్‌పల్లిలో ఇంకో ఆట. కమ్మర్‌పల్లి వాళ్లు, డిచ్‌పల్లి వాళ్లు ఒకే రోజు ఆర్మూరుకు రావాలి, మూడు టీములూ ఒకదానితో ఒకటి ఆడుకుని పోవాలి. ఇది మంచి పద్ధతే. గాడిద కూడా రోజూ నడిచే దారిలో దగ్గరి తోవ కనిపెడుతుంది. అయితే పొద్దున ఒక ఆట ఆడిన పిల్లలు మధ్యాహ్నం ఇంకో ఆట ఆడాలంటే మధ్యలో అన్నం తినాలి అన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. కాళ్లు ఉన్నవాళ్లకు కడుపు కూడా ఉంటుందని దేవిదాస్‌కు తట్టలేదు.

ఇంత చేసినా కిరాయి సున్నా కాలేదు. అప్పుడు ఒకరోజు ఆర్మూరు బస్టాండులో నిలబడి, ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని ఎక్కిపోవడం చూశాడు. ఆ పథకం వచ్చి ఎన్నాళ్లో అయింది. పూర్ణిమ అదే టికెట్టు మీద పుట్టింటికి పదిసార్లు పోయి వచ్చింది. కానీ తనకు పనికిరాని వస్తువు ఆయన కంటికి ఆనదు. ఆ రోజు ఆనింది. ఆడపిల్లలకు బస్సు ఊరికే. మగపిల్లలకు డబ్బులు. మరి ఆటలు ఎవరు ఆడాలి?

మర్నాడే మగపిల్లల టీము రద్దయింది. వాళ్లు గ్రౌండు మీదకు వచ్చి అడిగారు.

"మరి మేం ఏం జెయ్యాలె సార్?"

"మీరు సదువుకోండ్రి" అన్నాడు దేవిదాస్.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కాలేజీలో అంతవరకు ఎవరూ ఎవరికీ అలాంటి సలహా ఇచ్చి ఉండలేదు.

ఆడపిల్లల కబడ్డీ టీము అంతకు ముందు ఉందో లేదో కూడా ఆయన ఎరగడు. రెండేళ్లుగా వాళ్లే సున్నం పోసి గీతలు గీసుకుని ఆడుకుంటూ ఉండేవాళ్లు. ఇప్పుడు ఈల మెళ్లో వేసుకుని వాళ్ల ముందు నిలబడ్డాడు. విలేకరిని పిలిపించి "ఆడబిడ్డలు ఇంట్ల కూసుంటె దేశం ముంగటికి పోదు" అని చెప్పాడు. అది ఫొటోతో సహా పేపర్లో పడింది. పూర్ణిమ ఆ పేపరు మీద ఎండుమిరపకాయలు ఆరబోసింది.

ఆడపిల్లలను ఒక మగమనిషి వెంట పంపడం ఆ ఊళ్లలో జరగని పని. వెంట ఒక పెద్ద ఆడమనిషి ఉండాలి. అందుకు కాలేజీ ఆయా కుబ్రాబీ దొరికింది. ఆమెకూ బస్సు ఊరికే, పైగా డిచ్‌పల్లిలో చెల్లెలుంది. కుబ్రాబీ అన్నం గిన్నె కట్టుకుని, బురఖా సర్దుకుని, పిల్లలను లెక్కబెట్టి ఎక్కించేది. దేవిదాస్ మరిచిపోయిన కడుపుల సంగతి ఆ గిన్నె గుర్తుపెట్టుకునేది. పిల్లలు ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లు. దేవిదాస్‌ను సార్ అని పిలిచేవాళ్లు. ఆ రెండు పిలుపుల బరువు వినేవాళ్లకు తెలిసేది.

సేటు ఆ ఏడు ఒక్క టికెట్టుకే డబ్బులు ఇస్తానన్నాడు. పీడీ మగమనిషి కాబట్టి ప్రతి ఆటకూ ఆయన టికెట్టు. దేవిదాస్ ఆ డబ్బులు తీసుకునేవాడు, బస్సు ఎక్కేవాడు కాదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర నిలబడి ఎవరి బండో పట్టుకుని, ఆట మొదలయ్యే వేళకు ఎట్లాగో చేరేవాడు. పిల్లలకు తెలుసు. కుబ్రాబీకి తెలుసు. బస్సు కిటికీలోంచి వాళ్లకు, ఇటుకల ట్రాక్టర్ మీద కూచున్న సారు కనబడేవాడు. వాళ్లు చెయ్యి ఊపితే ఆయన మొహం అటు తిప్పుకునేవాడు.

కానీ ఆ టీములో ఒక పిల్లకు బస్సు ఊరికే కాదు. యమున. ఎక్కడో మహారాష్ట్రలో ధర్మాబాద్ దిక్కు నుంచి తల్లితో పాటు పసుపు తవ్వకానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పిల్ల. తల్లి పసుపును పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర పనిచేస్తుంది. యమున ఆర్మూరు బళ్లోనే చదివింది, ఆర్మూరు తెలుగే మాట్లాడుతుంది, కానీ ఆధార్ కార్డు మీద ఊరు మాత్రం పాతదే. సున్నా టికెట్టు తెలంగాణ కార్డుకే కాబట్టి కండక్టర్ ఆమె కార్డు చూసి టికెట్టు కొట్టేవాడు. ఆమె తల్లి ఇచ్చిన నోటు మడత విప్పి ఇచ్చేది. ఆ టీములో పాయింట్లు తెచ్చేది యమునే. కూత పెట్టి పోయిందంటే ఇద్దరిని తాకకుండా తిరిగి వచ్చేది కాదు. అంటే ఆమె దేవిదాస్‌కు పూర్తిగా తిరగేసిన మనిషి.

ఆమె తెచ్చిన పాయింట్లతోనే ఆర్మూరు పిల్లలు కమ్మర్‌పల్లిని, ఇందల్వాయిని ఓడించి ఫైనల్‌కు వచ్చారు. ఫైనల్ డిచ్‌పల్లి వాళ్లతో, వాళ్ల గ్రౌండులోనే. గెలిచినవాళ్లు నిజామాబాద్ పెద్ద ఆటలకు పోతారు. దేవిదాస్ కళ్లకు జూన్ నెల కనబడుతోంది, సేటు నోట్లో పర్మినెంట్ అనే మాట కనబడుతోంది.

ఆట మొదట బుధవారం అనుకున్నారు. దేవిదాస్ దాన్ని శుక్రవారానికి జరిపించాడు. గ్రౌండు తడిగా ఉంటుందని అందరికీ చెప్పాడు. అసలు సంగతి వేరు. హోళీ సెలవులకు మూతబడిన నిజామాబాద్ మార్కెట్ యార్డు శుక్రవారం తెరుస్తారు. అడ్తికి వచ్చిన పసుపు బస్తాలతో, డ్రైవర్ ఫహీమ్ నడిపే సేటు వ్యాను ఆ రోజు పొద్దున్నే యార్డుకు పోతుంది. అక్కడ దించి, ఖాళీ బండితో డిచ్‌పల్లికి పోయి గోనె సంచులు తెస్తుంది. ఇంటి గడప నుంచి గ్రౌండు దాకా ఒక్క పైసా లేదు. ఇంత మంచి లిఫ్టు ఆయన జీవితంలో పడలేదు.

"యార్డు ఇన్ని దినాలు బందు పెట్టి తెరుస్తరు" అంది పూర్ణిమ. "బండ్ల లైను ఎంత దూరం ఉంటదో కమ్మర్‌పల్లిల బర్రెలు కాసే పోరడు గూడ జెప్తడు. పసుపు ఇంట్ల పుట్టినవ్ గద నువ్వు."

"పొద్దుగాల్నే పోతున్నం గద."

"అందరు పొద్దుగాల్నే పోతరు."

పసుపు చేలో పుట్టినవాడు చేసే తప్పు కాదది. కానీ ఊరికే వచ్చేదాన్ని చూస్తే దేవిదాస్ పుట్టిన చేను కూడా మరిచిపోతాడు.

గురువారం సాయంత్రం గ్రౌండులో యమున రానని చెప్పింది. హోళీకి డ్రమ్ములు ఆపేశారు, తల్లికి పని లేదు. ఆ మాట ఆమె నేల చూస్తూ చెప్పింది. మిగతా పిల్లలు నేల చూడలేదు, సారు వైపు చూశారు.

"యమున రాకుంటె మేం గూడ పోం" అన్నారు.

"ఒక్క పిల్ల లేకుంటె ఏమైతది? వేరే పిల్లను ఏస్కుందాం" అన్నాడు దేవిదాస్.

గ్రౌండు చివర చీపురు పట్టుకుని ఉన్న కుబ్రాబీ దగ్గరకు వచ్చింది. "సార్, బురా మత్ మానో, తప్పుగ అనుకోకుండ్రి. మీ టికెట్టు పైసలు యమునకు ఇయ్యిండ్రి."

"మరి నేనెట్ల రావాలె?"

"ఎప్పుడెట్ల వస్తున్నరో గట్లనే. మీరు బస్సెక్కంగ ఈ కళ్లు ఎన్నడన్న చూసినయా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. దేవిదాస్ చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు బస్సులో చురుక్కుమన్నదే మళ్లీ చురుక్కుమంది. కానీ అప్పుడు మిగిలిన టికెట్టు ఇప్పుడు పోతోంది. ఈ లెక్క ఆయనకు కొత్త. జేబులోంచి నోటు తీసి యమునకు ఇచ్చాడు. చిల్లర వాపసు తెమ్మని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కుబ్రాబీ చూస్తోంది కాబట్టి మింగేశాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు ఒక నోటు ఇచ్చాడంటే, మనసు కరిగి కాదు. మర్నాటికి ఫహీమ్ బండి ఉందన్న ధైర్యంతోనే ఇచ్చాడు.

శుక్రవారం తెల్లారగానే తెల్లటి ట్రాక్ సూట్ వేసుకుని ఫహీమ్ ఇంటి ముందు నిలబడ్డాడు. ఫొటోకు పనికొస్తుందని దాన్ని పూర్ణిమ చేత ఉతికించి ఇస్త్రీ చేయించుకున్నాడు. క్యాబిన్‌లో ఆ పసుపు పండించిన రైతు, రైతు భార్య కూచున్నారు. "సార్, మీదికి ఎక్కుండ్రి" అన్నాడు ఫహీమ్. దేవిదాస్ బస్తాల మీదకు ఎక్కాడు. పాలిష్ పట్టిన పసుపు. బండి గతుక్కు పడినప్పుడల్లా గోనె సందుల్లోంచి దుమ్ము లేచేది. ఊరు దాటేసరికి ట్రాక్ సూట్ పచ్చబడింది. అంకాపూర్ దాటేసరికి కనుబొమ్మలు పచ్చబడ్డాయి. తోవలో ఒక ఆడమనిషి చూసి "అయ్యో, పెండ్లి పిలగాన్ని గట్ల బస్తాల మీద తోల్కపోతున్నరేందే" అంది.

యార్డు కనిపించకముందే లైను కనిపించింది. రోడ్డు పొడుగునా వ్యాన్లు, ట్రాక్టర్లు, లారీలు. కొందరు బండి కింద పొయ్యి పెట్టి చాయ్ కాచుకుంటున్నారు. అంటే వాళ్లు నిన్న రాత్రే వచ్చారన్నమాట. దేవిదాస్ దిగి బస్సెక్కి పోవచ్చు. నిజామాబాద్ నుంచి డిచ్‌పల్లి ఎంత దూరం గనక. చెయ్యి జేబు దాకా పోయింది కూడా. "ఇగ కదుల్తది సార్" అన్నాడు ఫహీమ్. ఆ మాట పట్టుకుని చెయ్యి బయటికి వచ్చింది.

ఎండ నెత్తి మీదకు వచ్చింది. రైతు, రైతు భార్య నీడ చూసుకుని వెళ్లి పడుకున్నారు. ఫహీమ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, జుమ్మా నమాజుకు పోయొస్త. జర బండి కాడ ఉండుండ్రి. ఎవరన్న నడుమ దూరిపోతరు."

"నేను డిచ్‌పల్లి పోవాలె ఫహీమ్."

"నేను గూడ డిచ్‌పల్లికే గద సార్. ఊరికెనే తీసుకపోతున్న, గీ మాత్రం కావలి ఉండరా?"

ఊరికే అన్న మాట చెవిన పడగానే దేవిదాస్ బండి పక్కనే కూచున్నాడు. ఫహీమ్ అటు పోగానే లైను కదిలింది. పొద్దుటి నుంచి కదలని లైను అప్పుడే కదలాలి. వెనకాల హారన్లు. "ఓ పసుపు బొమ్మా, బండి తియ్యి" అని ఒక ట్రాక్టర్ వాడు. "డ్రైవర్ లేడు" అని దేవిదాస్. "మల్ల నువ్వెవనివి?" "నేను పీడీని." "గదేంది?" అది ఏమిటో ఆయన చెప్పేలోపు నలుగురు దిగి వచ్చి, ఆయన్ని స్టీరింగ్ దగ్గర కూచోబెట్టి, బండిని వెనక నుంచి నెట్టుకుంటూ ముందుకు జరిపారు. ఈల మెళ్లో వేలాడుతుండగా, ఆయన జీవితంలో మొదటిసారి తనే ఒక బండిని నడిపాడు. అది కూడా ఎవరో నెడితేనే.

ఫహీమ్ వచ్చి, తూకమై, బస్తాలు దిగి, డిచ్‌పల్లి చేరేసరికి గ్రౌండులో సున్నం గీతలు, వేరుశెనగ పొట్టు మిగిలాయి. పిల్లలు బస్టాపులో ఉన్నారు. యమున మోకాలికి గుడ్డ కట్టి ఉంది, ఒళ్లో ఒక కప్పు ఉంది.

"గెలిచినం సార్" అంది యమున.

దేవిదాస్ మొదట అడిగిన మాట వేరు. "టీము మేనేజర్ సంతకం ఎవరు బెట్టిండ్రు?"

"నేనే బెట్టిన" అంది కుబ్రాబీ. "ఉర్దూల."

"అది మొగాయన బెట్టాలె గద. నేను గద పీడీని."

"లేద్ సార్. నేను గూడ గట్లనే అన్న, మా సార్ వస్తుండు, తొవ్వల ఉన్నడు అని. ఆడపిల్లల టీముకు ఆడమనిషే ఉండాలని రూలట. మొగాయన వస్తె రావొచ్చు, రాకున్నా ఫరక్ లేదన్నరు."

అవతల బస్సు వచ్చింది. పిల్లలు కార్డులు తీసుకుని ఎక్కారు. యమున సారు ఇచ్చిన నోటులో మిగిలింది కండక్టర్‌కు ఇచ్చి, చిల్లర తీసుకుని, కిటికీలోంచి చెయ్యి చాపి ఆ చిల్లరను దేవిదాస్‌కు ఇచ్చింది. అడగకుండానే ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. మధ్యలో కుబ్రాబీ, చుట్టూ పిల్లలు, కప్పు. సేటు ఆ పేపరును తూకం రాయి కింద పెట్టి దేవిదాస్‌ను పిలిపించాడు.

"నువ్వేడున్నవ్ ఇందుల?"

"యార్డు కాడ ఇర్కపోయిన సేటూ. మీ బండ్లనే. కావలి ఉన్న."

"ఊఁ. పిల్లలకు బస్సు ఊరికే. కుబ్రాబీకి ఊరికే. నువ్వు లేకున్నా గెలిచిండ్రు. గంతేనా?"

"గెలిచిండ్రు సేటూ. రెండు మాటలు మీరు అన్నట్టే అయినయి. ఖర్సు తగ్గింది, పేరు పడ్డది."

"నువ్వే తగ్గించినవ్. ఆ మాట నేను గాదన. పిలగాండ్లను తీసేసినవ్, బండి తీసేసినవ్, ఆఖర్కి నీ టికెట్టు గూడ తీసేసినవ్." సేటు పసుపు కొమ్ము విరిచి వాసన చూశాడు. "నేను రాత్రి అదే సోంచాయించిన. ఇంక మిగిలింది ఏందని. నీ జీతమే మిగిలింది."

దేవిదాస్‌కు ఆ క్షణాన కోపం రాలేదు. దుఃఖం రాలేదు. లెక్క బాగుంది అనిపించింది. ఇంత తేలికైన ఆదా తనకు ఇన్నేళ్లుగా ఎందుకు తట్టలేదా అని కూడా అనిపించింది. దుకాణం మెట్లు దిగి చెప్పులు వేసుకుంటుండగా, ఆ లెక్కలో కొట్టేసింది తననేనని తెలిసింది. ఎదుటివాళ్ల కడుపు లెక్కలో పెట్టనివాడికి తన కడుపు లెక్కలోకి రావడానికి ఆ మాత్రం ఆలస్యం అవుతుంది.

ఇంటికి పోతే పూర్ణిమ మొహం చూసి తెలుసుకుంది.

"సేటు ముందట దింపిండా?" అంది. తర్వాత అన్నం పెట్టింది.

నిజామాబాద్ పెద్ద ఆటల రోజు పిల్లలు ఆర్మూరు బస్టాండులో నిలబడి ఉన్నారు. కుబ్రాబీ అన్నం గిన్నె మోస్తోంది. దేవిదాస్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ట్రాక్ సూట్ మీద పసుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. బస్సు రాగానే పిల్లలతో పాటు ఎక్కాడు. పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. సారు బస్సు ఎక్కడం వాళ్లకు గెలవడం కన్నా వింత.

కండక్టర్ అందరికీ సున్నా టికెట్లు కొట్టి, యమునకు టికెట్టు కొట్టి, దేవిదాస్ దగ్గరకు వచ్చాడు. ఈసారి ఇచ్చే సేటు లేడు. దేవిదాస్ చాలాసేపు జేబులో వెతికాడు. జేబులో వెతకాల్సినంత ఏమీ లేదు. అది కండక్టర్‌కూ తెలుసు.

"నిజామాబాద్ టికెట్టు ఎంత? దానికి ముందు స్టేజీకి ఎంత?" అని అడిగాడు.

చెప్పాడు కండక్టర్. దేవిదాస్ ముందు స్టేజీకే తీసుకున్నాడు.

ఆ స్టేజీలో దిగిపోతుంటే కుబ్రాబీ కిటికీలోంచి చూసి నుదురు కొట్టుకుంది. ఆయన మండుటెండలో రోడ్డు పక్కన నడిచాడు. ఎన్నో బండ్లు పోయాయి. చెయ్యి ఎత్తలేదని చెబితే అబద్ధం. ఎత్తాడు. ఏదీ ఆగలేదు. ఊరు కాని ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు ఎక్కడుంటాయో ఆయనకు తెలియదు.

గ్రౌండుకు చేరేసరికి ఆట సగం అయింది. గీత బయట కూచున్న కుబ్రాబీ ఆయన చెప్పుల మీది దుమ్ము చూసింది, చెమటకు ట్రాక్ సూట్ మీంచి మెడకు అంటిన పసుపు చూసింది.

"నడిసొచ్చిండ్రా సార్?"

"లేదు" అన్నాడు దేవిదాస్, యమున కూత పెట్టి పోవడం చూస్తూ. "జర ముందట దిగిన."